చూరు కింద కుచ్చు

పక్షులకు గింజలు పెట్టే సాధనానికి మన తెలుగులో ఒక్క పేరంటూ లేదు. ఉన్నవన్నీ వస్తువుల పేర్లే. చూరుకు కట్టిన కంకుల కట్ట కుచ్చు. ఉట్టిలో దించిన మట్టిపాత్ర మూకుడు. బావిగట్టున నీళ్ళు నిలిచేది తొట్టి. తెల్లవారి వాకిట్లో బియ్యప్పిండితో వేసేది ముగ్గు. కుచ్చు ఒక్కటి తప్ప వీటిలో ఏదీ పక్షి కోసం పుట్టింది కాదు. అయినా అన్నిటిలోనూ పక్షికి వాటా ఉండేది.

ఇప్పుడు కోయంబత్తూరు అంగళ్ళలో ప్లాస్టిక్ సీసాకు రెండు పుల్లలు గుచ్చినవీ, రంగు రేకు గోపురాలూ, చెక్క ఇళ్ళూ అమ్ముతున్నారు. పెరట్లో పిచ్చికలు రావడం లేదని బాధపడే మా వీధివాళ్ళు నలుగురైదుగురు నన్నడిగారు: వీటిలో ఏది కొనాలి? నాలుగు కాలాలు నిలిచేది, నేలకూ నీటికీ చేటు చెయ్యనిది ఏది? అంగడిలో జవాబు వెతికేముందు మన పాత ఇళ్ళలో వెతకడం మంచిదనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. నేను పీలమేడులో పుట్టినవాణ్ణి. మా అమ్మ పుట్టిల్లు మధురకు పడమట, ఉసిలంపట్టి వైపు. రెండు వైపుల చూర్లూ చూసినవాణ్ణి కనుక ఈ మాత్రం చెప్పే చనువు తీసుకుంటున్నాను.

మనవాళ్ళు ఈ నేలకు ఒక్కసారిగా వచ్చినవాళ్ళు కారు. 14వ శతాబ్దిలో విజయనగర సేనలు మధుర దాకా వచ్చినప్పటి నుంచే రాకపోకలు మొదలైనాయి. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన స్థాపించి, దేశాన్ని 72 పాళెయాలుగా పంచిన తర్వాత ఆ రాక ఒరవడిలా సాగింది. కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళంవారు, అరుంధతీయులు ఇలా ఎన్నో కులాలవాళ్ళు, ఎవరి పని వాళ్ళు చేతబట్టుకుని వచ్చారు. కావేరి తడినేలల్లో అప్పటికే సేద్యం నిండుగా ఉంది. మనవాళ్ళలో చాలామందికి దొరికింది నల్లరేగడి, మెట్ట. ఆ నేలలో వరి కాదు, జొన్నా సద్దా కొర్రా సామా పత్తీ పండుతాయి. అందుకే ఈనాటికీ తమిళం తప్ప మరో బడి ఎరగని మన ముసలమ్మలు కూడా కంబు అనకుండా సద్దలు అంటారు, వరగు అనకుండా ఆరికలు అంటారు. గింజల పేర్లు గింజలతో పాటే వచ్చాయి.

మెట్టపంటలకు మొదటి శత్రువు పిట్ట. జొన్న కంకి పాలుపోసుకునే నాటి నుంచి కోత దాకా చేలో మంచె కట్టి, దాని మీద కూర్చుని, వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరి, డబ్బా కొట్టి, కేకలు వేసి పిట్టల్ని తోలేవారు. పిచ్చిక, గిజిగాడు, రామచిలుక మూడూ జొన్నచేలకు గండాలే. సద్దలో మీసాల రకాలను మనవాళ్ళు ఇష్టంగా వేసుకున్నదీ అందుకే. వెన్ను నిండా ముళ్ళలాంటి మీసాలుంటే పిట్టకు గింజ అంత సులువుగా అందదు.

అదే మనిషి కోతలైనాక మంచి వెన్నులు ఏరి కుచ్చు కట్టి చూరుకు వేలాడదీసేవాడు. చేలో తోలిన పిట్టనే ఇంటికి పిలిచేవాడు. ఇందులో వింత ఏమీ లేదు. చేలో తింటే అది దొంగతనం, చూరు కింద తింటే అది వాటా. కళ్ళంలో రాశి పోసినప్పుడు కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి కొలిచినట్టే పిట్టకూ ఒక కొలత. పంట మొత్తం ఒక్కడిది కాదన్న లెక్క ఆ ఊరి వ్యవస్థలో ఉంది. ఆ వ్యవస్థలో హెచ్చుతగ్గులూ ఉన్నాయి, అది కూడా చెప్పాలి. మంచె మీద ఎండలో కూర్చున్నది ఎక్కువగా పాలేర్ల పిల్లలు. కుచ్చు వేలాడింది ఆసామి చూరుకు. పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆచారం మనం ఈ నేలకు నేర్పింది అనుకుంటే పొరపాటు. మనం రాకముందు వెయ్యేళ్ళకు పైబడిన నాటి తమిళ సంగ సాహిత్యంలోనే ఇంటి పిచ్చిక ఉంది. కురుందొగై అనే సంకలనంలో 46వ పద్యం దాని గురించే: వాకిట్లో ఎండబోసిన గింజలు తిని, ఊరి మంటపం దగ్గర పేడదుమ్ములో పొర్లి, ఇంటి చూరులో పిల్లలతో పడుకునే పిట్ట అది. పిచ్చిక జీవితం గురించి ఈనాటి పక్షిశాస్త్రం చెప్పే మూడు ముఖ్యమైన సంగతులూ, అంటే ఇంటి గింజా, దుమ్ముస్నానమూ, చూరులో గూడూ, ఆ ఒక్క పద్యంలో ఉన్నాయి. కోయంబత్తూరు నుంచి మధురకు పోయే దారిలో తగిలే పళని కొండల ప్రాంతాన్ని ఏలిన పేగన్ అనే దొర చలికి వణుకుతోందనుకుని నెమలికి తన శాలువా కప్పాడని అదే సాహిత్యం చెబుతుంది. అంటే మనం వచ్చేసరికే ఈ దేశపు చూరు కింద పిట్టకు చోటుంది. మనకూ అలాగే చోటు దొరికింది.

మధుర వైపు కథ వేరే దారి పట్టింది. అక్కడ పక్షి అంటే ముందు చిలుక. మీనాక్షమ్మ చేతిలో చిలుక. దగ్గరే శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ చేతిలో ఆకులతో రోజూ కొత్తగా అల్లే చిలుక. ఆ ఆండాళ్ కథనే కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగు చేశాడు కనుక ఆ చిలుక మనకూ చుట్టమే. మీనాక్షి గుడిలో స్వామి సన్నిధికి పోయే దారిలో కిళిక్కూట్టు మండపం ఉంది. కిళిక్కూడు అంటే చిలుకల గూడు. పూర్వం అక్కడ పంజరాల్లో చిలుకల్ని పెంచి అమ్మవారి పేరు పలకడం నేర్పేవారు. మా అమ్మమ్మ ఆ చిలుకలు ‘మీనాక్షీ’ అనడం విన్నానని చెప్పేది. ఇప్పుడు ఆ పంజరాలు లేవు. మన దేశపు చిలుకల్ని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పక్షి మీద ప్రేమకు పంజరం ఒక దారి అయితే, ఆ దారి మూసేయడమే మేలయింది.

రెండో దారి తిరుమల నాయకుడి మహలులో కనబడుతుంది. 1636 నాటి ఆ కట్టడం, ఎత్తైన కమానులూ లావుపాటి స్తంభాలూ చూసి నోరు తెరవని వాడుండడు. ఆ కమానుల మధ్య కాపురముండేది పావురాలు. కొండచరియల మీద గూళ్ళు పెట్టే జాతి కనుక ఎత్తైన రాతిగట్లూ సున్నపు అంచులూ వాటికి పుట్టిల్లులాంటివి. వాటి రెట్టలోని ఆమ్లం సున్నపు గచ్చును తినేస్తుంది. వాటిని ఆపడానికి వలలు కట్టాల్సి వచ్చింది. గింజ పెట్టడం ఎప్పుడూ పుణ్యమే అనుకునేవాళ్ళు ఆ స్తంభాల పైభాగాలను ఒకసారి తలెత్తి చూడాలి. ఎవరు తింటారో చూసుకోకుండా బస్తాలతో జొన్నలు గుమ్మరిస్తే లాభపడేది పావురం ఒక్కటే. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక కూడా ఈ పాతికేళ్ళలో బాగా పెరిగిన పక్షుల్లో పావురాన్ని చేర్చింది.

మూడో దారి రాణీ మంగమ్మది. 1689 నుంచి 1706 దాకా మనవడి పేరున మధురను ఏలిన ఆ తల్లి బాటలు వేయించి, ఇరువైపులా చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందని పేరు. తెన్నాట ఈనాటికీ ‘మంగమ్మాళ్ సాలై’ అనే దారులున్నాయి. బాటసారి నీడ కోసం నాటిన చెట్టు మర్రో రావో అయితే, దాని పండ్లు గోరింకలకూ కోకిలలకూ పచ్చపావురాలకూ అన్నం. దాని తొర్ర చిలుకకు ఇల్లు. కడగనక్కరలేని, విరగని, ఏటేటా తనంతట తానే నిండే దాణాపళ్ళెం చెట్టు ఒక్కటే. నిలకడ గలది ఏదని అడిగినవాళ్ళకు మొదటి జవాబు మంగమ్మ ఎప్పుడో చెప్పేసింది.

ఇక మా కోయంబత్తూరు సంగతి. 1888లో ఇక్కడ మొదటి నూలుమిల్లు వచ్చింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్సు మొదలుపెట్టారు. 1930లలో పైకారా కరెంటు దిగేసరికి పీలమేడు, పాపనాయకన్‌పాళయం, గణపతి, సింగనల్లూరు చుట్టూ మిల్లు పొగగొట్టాలు లేచాయి. మనవాళ్ళ చేతుల మీదుగానే చాలా మటుకు ఇది జరిగింది. దానివల్ల బడులూ ఆసుపత్రులూ కాలేజీలూ వచ్చాయి. గర్వించదగ్గ చరిత్రే. అయితే దానిలో పిట్ట వైపు పుట ఒకటి ఉంది, దాన్ని ఎవరూ తిప్పలేదు.

అంతకుముందు బావి అంటే కపిల బావి. ఎడ్లు దిగుతూ ఎక్కుతూ తోలుబానతో నీళ్ళు తోడేవి. ఆ బాన కుట్టింది అరుంధతీయుల చెయ్యి. బాన ఒలికిన ప్రతిసారీ గట్టు మీద, కాలువ మొదట్లో, రాతితొట్టిలో కాసిన్ని నీళ్ళు నిలిచేవి. మెట్టసీమ ఎండల్లో ఊరి పిట్టలన్నిటికీ అదే చలివేంద్రం. మోటారు వచ్చాక నీళ్ళు గొట్టంలోంచి తిన్నగా మడిలోకి పోయాయి. చుక్క ఒలకలేదు. మనిషికి పొదుపు, పిట్టకు కరువు.

గింజ కూడా ఇలాగే మాయమైంది. ఇంట్లో రోలూ రోకలీ ఉన్నన్నాళ్ళూ దంచినప్పుడు చిందినవీ, చేటలో చెరిగినప్పుడు ఎగిరినవీ, ఎండబోసినప్పుడు మిగిలినవీ, అన్నీ పిచ్చిక పాలే. ఏ ఇల్లాలూ వాటికని వేరే పెట్టలేదు. పిండిమర వచ్చింది, బియ్యం మిల్లు వచ్చింది, తర్వాత అతికించిన పొట్లాలు వచ్చాయి. కళ్ళం ఇంటిస్థలమైంది. పరిగె ఏరడం అనే మాటకే అర్థం చెప్పాల్సిన రోజు వచ్చింది. నాటు పెంకు తీసి కాంక్రీటు పోశాము. పెంకుకూ దూలానికీ మధ్య ఉన్న బెత్తెడు సందు పోయింది. ఆ బెత్తెడే పిచ్చిక కాపురం.

కుచ్చు ఎందుకు పోయిందో కూడా చెప్పుకోవాలి. ఆచారం మీద నమ్మకం పోయి పోలేదు, గడ్డి పొట్టిదై పోయింది. కుచ్చు అల్లాలంటే మూర పొడుగైనా కాడ ఉండాలి. పాత నాటురకాలకు అది ఉండేది. 1966లో ఐఆర్-8 వచ్చాక వరి పొట్టిదైంది. పడిపోకుండా ఎక్కువ పండింది, దేశం ఆకలి తీరింది, దాన్ని తప్పుపట్టలేము. ఆ తర్వాత కోతమిషను వచ్చి కాడను నలిపి పారేసి గింజను మాత్రం సంచిలో పోసింది. కుచ్చు కట్టడానికి కంకే చేతికి రాదు.

పిచ్చికలు నిజంగా తగ్గాయా? పక్షులు గమనించేవాళ్ళ లెక్కలన్నీ కూర్చి 2020లో తెచ్చిన నివేదిక దేశం మొత్తం మీద పాతికేళ్ళుగా పిచ్చిక నిలకడగానే ఉందని తేల్చింది. తగ్గింది చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా నగరాల్లో. అంటే పిచ్చిక చావలేదు, ఊరు మార్చింది. చోటున్న ఊరికి పోయింది. సెల్‌ఫోను స్తంభాలే చంపాయనే మాట అందరి నోటా ఉన్నా, అది రుజువైన సంగతి కాదు. గూటికి సందు లేకపోవడం, పిల్లలకు పురుగు దొరకకపోవడం, వీటినే ఎక్కువమంది శాస్త్రజ్ఞులు చూపిస్తారు.

పురుగు మాట ముఖ్యం. పెద్ద పిచ్చిక గింజ తింటుంది గాని గూట్లోని పిల్లకు పెట్టేది పురుగునే. ఇది మరిచిన దేశానికి ఏమయిందో చైనా చూసింది. 1958లో అక్కడ పిచ్చికను పంటకు శత్రువని ప్రకటించి ఊళ్ళకు ఊళ్ళు డప్పులు కొట్టి వాలనివ్వకుండా చంపారు. నిజంగానే పిచ్చిక మీద బ్రహ్మాస్త్రం. పిట్ట పోయాక పురుగు పెరిగింది. 1960లో ఆ పట్టీలోంచి పిచ్చికను తీసేసి నల్లిని చేర్చారు. అప్పటికి కరువు ముదిరింది. కరువుకు వేరే కారణాలు పెద్దవే ఉన్నా ఇదీ ఒక చెయ్యి వేసింది. మన మంచె మీది పిల్లవాడు వడిసెల తిప్పి తోలాడే గాని వంశం తీయాలనుకోలేదు. ఆ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు అంగడి ప్రశ్నకు వద్దాము. ప్లాస్టిక్ సీసా మన ఎండకు రెండు మూడు వేసవులకు పెళుసై పగులుతుంది, ముక్కలు పెరట్లోనే మిగులుతాయి. రేకుది చిత్రెలో పెనంలా కాలుతుంది, అంచు కోసుకుంటుంది. చెక్కది మంచిదే గాని రంగూ వార్నీషూ లేనిదై ఉండాలి, వానకు నానకుండా చూరు కింద ఉండాలి. వేపచెక్క అయితే చెదల బాధ తక్కువ. కొబ్బరిచిప్పకు మూడు కంతలు పెట్టి కొబ్బరితాడుతో కడితే ఖర్చులేని మూకుడు. పాడైతే పొయ్యిలోకో ఎరువుగుంటలోకో పోతుంది. మట్టిమూకుడు వీటన్నిటికీ పెద్దన్న. ఎండకు కాగదు, తుప్పు పట్టదు, విరిగితే మళ్ళీ మన్నే. దాన్ని ఉట్టిలో పెట్టి చూరుకు వేలాడదీస్తే ఎలుకా పిల్లీ అందుకోలేవు. వెన్న కోసం కట్టిన ఉట్టి పిట్టకూ పనికొస్తుంది. నీళ్ళకు మరో మూకుడు, రెండంగుళాల లోతు చాలు, రోజూ పారబోసి కొత్తవి పొయ్యాలి. లేకపోతే దోమలకు సత్రం కట్టినట్టవుతుంది.

అయితే మూకుడుకు ఒక లోపం ఉంది. దాని అంచు మీద పావురమూ వాలగలదు, కాకీ వాలగలదు. కుచ్చుకు ఆ లోపం లేదు. గాలికి ఊగే కంకిని పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ గింజ ఒలుచుకోవడం పిచ్చికకూ గిజిగాడికీ మునియాలకూ చేతనవును. పావురానికి చదునైన చోటు కావాలి, వేలాడడం దానికి రాదు. గింజ కంకిలోనే ఉంటుంది కనుక నానదు, బూజు పట్టదు, కడగనక్కరలేదు. తిన్నాక మిగిలిన గడ్డిని పిచ్చికే గూటికి తీసుకుపోతుంది. ప్లాస్టిక్ కంపెనీలు కిందామీదా పడి చేస్తున్న పనిని మన తాతలు రూపాయి ఖర్చు లేకుండా కంకిలోనే చూసుకున్నారు. మన్నిక అంటే వస్తువు పదేళ్ళుండడం ఒక్కటే కాదు. ఏటా కొత్తగా పుట్టి, ఏటా మిగలకుండా పోవడం కూడా మన్నికే. కుచ్చు నాలుగు నెలలుంటుంది, ఆచారం నాలుగు వందల ఏళ్ళుంది.

చేసే విధం చెబుతాను. మెట్టవాళ్ళు సద్దవెన్నులతోనో కొర్రకంకులతోనో కట్టవచ్చు. ఇవి కాడలతో కావాలంటే ఇప్పటికీ పల్లడం, ఉడుమలపేట, తిరుమంగలం వైపు రైతుల్ని ముందుగా అడిగి చేత్తో కోయించుకోవాలి. గింజ బాగా రాలే దశకు రాకముందే కోయాలి. కాడలను నీళ్ళు చల్లి గోనెలో ఒక రాత్రి ఉంచితే మెత్తబడి విరగకుండా అల్లికకు లొంగుతాయి. గుప్పెడు గుప్పెడుగా చేర్చి, కాడలు మూడు పాయలుగా జడ అల్లి, అరటినారతో బిగించి, కంకులు కిందికి వేలాడేలా చూరుకో వసారా దూలానికో కట్టాలి. ప్లాస్టిక్ దారం వద్దు, కాళ్ళకు చుట్టుకుంటుంది. పక్కనే ఒక మందారపు పొదో గోరింట కంచో ఉండాలి. పిచ్చిక తిన్నగా వాలదు, ముందు పొదలో కూర్చుని నాలుగు వైపులా చూసుకుంటుంది. ఆ పొదకు పురుగుమందు కొట్టకండి, అక్కడే పిల్లల మేత ఉంది. గూడుకు చెక్కపెట్టె కడితే ద్వారం ఒకటింబావు అంగుళం చాలు. ఉప్పు వేసిన అన్నమూ కారపు మిక్స్చరూ పెట్టకండి.

మన కోయంబత్తూరుకు ఆనైకట్టి దగ్గర 1990లో నెలకొన్న పక్షిశాస్త్ర కేంద్రం సలీం అలీ పేరున ఉంది. ఆ మహానుభావుడు చిన్నప్పుడు తుపాకితో కొట్టిన ఒక పసుపుగొంతు పిచ్చిక ఏమిటో తెలుసుకోబోయి పక్షిశాస్త్రజ్ఞుడైనాడు. 1985లో వచ్చిన తన ఆత్మకథకు కూడా ఆ పిచ్చిక పడిపోవడాన్నే పేరుగా పెట్టుకున్నాడు. మధుర సేతుపతి హైస్కూలులో 1904లో కొన్ని నెలలు తమిళం చెప్పిన భారతి, ఇంట్లో వంటకు ఉంచిన బియ్యం పిచ్చికలకు చల్లేశాడని తమిళనాట చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మన రెండు ఊళ్ళకూ పిచ్చికతో ఇలాంటి చుట్టరికం ఉంది.

మన పిల్లలు పిచ్చికను కురువి అంటారు. అనుకోనివ్వండి, అది కూడా రెండువేల ఏళ్ళ మాటే, పరాయిది కాదు. నా దిగులు వేరు. మంచె, వడిసెల, కళ్ళం, పరిగె, ఉట్టి, కుచ్చు అనే మాటలు పుస్తకం చదివి నేర్చుకునేవి కావు. ఆ వస్తువు చేతిలో ఉన్నప్పుడు పక్కవాడి నోట విని నేర్చుకునేవి. బడిలో తెలుగు లేని మనలాంటివాళ్ళకు భాష మిగిలేది ఇలాంటి పనుల్లోనే. మనవరాలికి కుచ్చు అనే మాట నేర్పాలంటే నిఘంటువు తీయనక్కరలేదు, గుప్పెడు సద్దకంకులూ అరటినారా ఆమె చేతికిస్తే చాలు. అల్లుతూ అల్లుతూ కాడ, వెన్ను, నార, జడ, చూరు అని ఐదు మాటలు వచ్చేస్తాయి.

వచ్చే సంక్రాంతికి ఇంటికొక కుచ్చు కట్టండి. సేలం, కోవిల్‌పట్టి, హోసూరు, దిండిగల్లు వైపు మన ఇళ్ళలో దీన్ని కుచ్చనే అంటారో మరేమైనా అంటారో, ఏ గింజతో కట్టేవారో, ఏ రోజు కట్టేవారో, మీ పెద్దలనడిగి ఒక కార్డు ముక్క మీద రాసి పత్రికకు పంపండి. అవన్నీ ఒకచోట చేరిస్తే మన ఊళ్ళ చరిత్రలో ఇంతవరకు ఎవరూ రాయని అధ్యాయం ఒకటి తయారవుతుంది. అడగవలసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు కనుక ఉత్తరం ఈ నెలలోనే రాయండి.